ఇన్‌లైన్ మజిల్‌లోడర్‌తో మొదటి సీజన్: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో అమెరికాలో జింకల వేట గురించి రాస్తూ, కొత్తవాళ్లకి మజిల్‌లోడర్ (ప్రతి షాట్‌కీ మూతిలోంచి మందు, గుండు నింపి పేల్చే తుపాకీ, దాంట్లో ఇప్పటి రకమే ఇన్‌లైన్) మంచి దారి, సీజన్ ఎక్కువ దొరుకుతుంది, అడవిలో జనం తక్కువ ఉంటారు అని ఒక్క పేరా రాశాం. ఆ ఒక్క పేరా మీదే ఇన్ని ప్రశ్నలు వస్తాయని అనుకోలేదు. చాలావరకు అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వచ్చాయి కాబట్టి ఒక రకం ప్రశ్నకి ఒకటి చొప్పున తీసుకుని జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న (మెకానిక్స్‌బర్గ్, పెన్సిల్వేనియా): నమస్తే అండీ. నేను హెచ్‌1బీ మీద ఉన్నా. మా టీమ్‌లో ఒకాయన ఏటా థాంక్స్‌గివింగ్ అయ్యాక లీవ్ పెట్టి జింకల వేటకి పోతాడు, ఈసారి నన్నూ రమ్మంటున్నాడు. ఇన్‌లైన్ మజిల్‌లోడర్ అయితే పేపర్‌వర్క్ ఏం ఉండదు, షాపులోకి పోయి టీవీ కొన్నట్టు కొనుక్కోవచ్చు అంటాడు. నిజమేనా? వీసాకి ఏమన్నా అవుతుందేమో అని మా ఆవిడ భయపడుతోంది.

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పింది చాలావరకు నిజమే, మీ ఆవిడ భయం కూడా న్యాయమైనదే. ముందు ఫెడరల్ చట్టం సంగతి చూద్దాం. 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్‌లో మూతి దగ్గర్నుంచి మందు పోసి లోడ్ చేసే తుపాకీని, అంటే బ్లాక్ పౌడర్ లేదా దాని బదులు వాడే పౌడర్‌తోనే పేలేది, తూటా అసలు పట్టనిది అయితే, యాంటిక్ కింద లెక్కేశారు, అంటే మామూలు ఫైర్‌ఆర్మ్ లెక్కలోకి రాదు. అందుకే చాలా రాష్ట్రాల్లో బ్యాక్‌గ్రౌండ్ చెక్ లేకుండానే అమ్ముతారు. కానీ ఇందులో రెండు మెలికలు ఉన్నాయి. ఒకటి, బ్యారెల్ మార్చి మామూలు తూటాల రైఫిల్‌గా కూడా వాడుకునే ఫ్రేమ్ ఉన్నవి, థాంప్సన్ సెంటర్ ఎన్‌కోర్ లాంటివి, యాంటిక్ కావు, వాటికి పూర్తి పేపర్‌వర్క్ ఉంటుంది. రెండోది, రాష్ట్రం చట్టం వేరేగా ఉండొచ్చు. న్యూజెర్సీలో ఉండే మనవాళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి, అక్కడ మజిల్‌లోడర్ రైఫిల్ కొనాలన్నా ఫైర్‌ఆర్మ్స్ ఐడీ కార్డు కావాల్సిందే.

ఇక వీసా సంగతి. హెచ్‌1బీ, హెచ్‌4, ఎఫ్‌1 ఇవన్నీ నాన్ ఇమిగ్రెంట్ వీసాలే, వీటి మీద ఉన్నవాళ్లు మామూలు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ రూల్ ఉంది, ఆ రూల్‌కి మినహాయింపు ఏంటంటే ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ మీ చేతిలో ఉండటం. గ్రీన్ కార్డు వాళ్లకి ఈ గొడవ లేదు. మజిల్‌లోడర్ యాంటిక్ కాబట్టి నాకెందుకులే అనుకోవద్దు, ఎందుకంటే షూటింగ్ ప్రాక్టీస్ చేసే రేంజ్‌కి పోయినరోజు మీ ఫ్రెండ్ తన మామూలు రైఫిల్ మీ చేతికిచ్చి ఒక షాట్ కొట్టి చూడు అంటాడు, అది కూడా దగ్గర పెట్టుకున్నట్టే లెక్క. అందుకని ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయండి, లైసెన్స్ తీసుకోండి, తర్వాతే తుపాకీ దాకా రండి. పెన్సిల్వేనియాలో లైసెన్స్ ఏడాది జూలై 1 నుంచి జూన్ 30 దాకా ఉంటుంది, మధ్యలో ఎండాకాలం ప్రాక్టీస్ చేసేటప్పుడు పాత లైసెన్స్ అయిపోయిందేమో చూసుకోండి, అక్కడే చాలామంది ఆదమరిచేది. గ్రీన్ కార్డు ఫైల్ నడుస్తున్నవాళ్లు ఒక్కసారి మీ ఇమిగ్రేషన్ లాయర్‌కి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి, ఫీజు కట్టేదే కదా, అడగడానికి మొహమాటం ఎందుకు.

ఇంకో మాట, ఇది మీ రాష్ట్రానికే ప్రత్యేకం. అక్టోబర్‌లో వారం రోజుల మజిల్‌లోడర్ సీజన్ ఉంటుంది, కొమ్ముల్లేని జింకలకి మాత్రమే, అందులో ఇన్‌లైన్ చెల్లుతుంది, స్కోప్ (గురి చూసే దుర్భిణి) కూడా చెల్లుతుంది, దానికి మామూలు లైసెన్స్ మీద మజిల్‌లోడర్ లైసెన్స్, మీ యూనిట్‌కి, అంటే మీరు వేటాడే ప్రాంతానికి సంబంధించిన యాంట్లర్‌లెస్ (కొమ్ముల్లేని జింక) లైసెన్స్ రెండూ కావాలి. థాంక్స్‌గివింగ్ తర్వాత వచ్చే రైఫిల్ సీజన్లోనూ ఇన్‌లైన్ తీసుకెళ్లొచ్చు. కానీ క్రిస్మస్ మర్నాడు మొదలయ్యేది ఫ్లింట్‌లాక్ సీజన్, అంటే చెకుముకి రాయి తుపాకీ మాత్రమే, 1974 నుంచీ ఉన్న సీజన్ అది, దాంట్లోకి ఇన్‌లైన్ పట్టుకుని పోతే ఫైన్ పడుతుంది. రెండిటినీ మజిల్‌లోడర్ సీజన్ అనే అంటారు కాబట్టి తికమక పడకండి. ఆరెంజ్ రంగు బట్ట తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాలు ఉండాలి, టోపీ, వెస్ట్ రెండూ వేసుకుంటే సరిపోతుంది.

ప్రశ్న (డబ్లిన్, ఒహాయో): అన్నా, యూట్యూబ్‌ల చూస్తే ఒక్కొక్కడు వెయ్యి డాలర్ల తుపాకీ చూపిస్తుండు. నాకు నిజంగ ఏం కావాలె? ఇన్‌లైన్‌కి, పాత టైపు దానికి తేడా ఏంది?

జవాబు: తేడా నిప్పు ఎటునుంచి వస్తుందన్న దాంట్లో ఉంది తమ్ముడూ. పాత టైపులో సుత్తి బ్యారెల్ పక్కన ఉంటుంది, క్యాప్ (దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే చిన్న మూత) పేలితే ఆ నిప్పు పక్క నుంచి వంపు తిరిగి మందు దగ్గరికి పోవాలి, తేమ ఉన్నా మసి పట్టినా మధ్యలోనే ఆరిపోవచ్చు. ఇన్‌లైన్‌లో ఆ క్యాప్ పనే చేసే ప్రైమర్ సరిగ్గా మందు వెనకాలే అదే గీతలో కూర్చుంటుంది, నిప్పు నేరుగా మందులోకి పోతుంది. ఈ ఐడియా కొత్తదేం కాదు గానీ జనంలోకి వచ్చింది మాత్రం 1985లో టోనీ నైట్ తెచ్చిన ఎంకే-85తో, అప్పట్నుంచి మజిల్‌లోడర్ వేట మొహమే మారిపోయింది. ఇప్పుడు వచ్చే వాటిల్లో ఎక్కువ షాట్‌గన్‌లో వాడే 209 ప్రైమర్‌తో పేలతాయి.

నీకు కావాల్సింది .50 క్యాలిబర్, మధ్యకి విరిగే బ్రేక్ యాక్షన్, వెనక బ్రీచ్ ప్లగ్ (బ్యారెల్ వెనక చివరని మూసే మర) చేత్తోనో చిన్న రెంచ్‌తోనో ఊడొచ్చేది, బ్యారెల్ లోపల మెలిక (బుల్లెట్‌ని తిప్పే గాళ్లు) 28 ఇంచులకి ఒక చుట్టు ఉండేది. ఈ చివరిది చూసుకో, 48కి గానీ 66కి గానీ ఒక చుట్టు ఉండేవి గుండ్రటి సీసపు గుండుకి తగ్గట్టు చేసినవి, నువ్వు వాడబోయే పొడుగు బుల్లెట్‌కి అవి కుదరవు. సీవీఏ వోల్ఫ్, ట్రెడిషన్స్ పర్స్యూట్ లాంటివి ఎంట్రీ రకం, వోల్ఫ్ అయితే మూడొందల డాలర్ల చుట్టుపక్కల దొరుకుతుంది, వంద గజాల్లో జింకకి ఆ తుపాకీ ఖరీదెంతో తెలీదు. 3 నుంచి 9 పవర్ స్కోప్ ఒకటి చాలు. మిగిలిన డబ్బు పౌడర్‌కి, బుల్లెట్లకి, రేంజ్ ఫీజుకి దాచుకో, నా మాట వింటే సగం బడ్జెట్ అక్కడే పెట్టు, ఎందుకంటే ఈ తుపాకీలో రెండో షాట్ అనేది దాదాపు లేనట్టే, ఆ ఒక్కటి ఎక్కడ పడుతుందో నీకు ముందే తెలిసుండాలి.

చిల్లర సామాను కూడా చెప్తా, పౌడర్ కొలిచే గొట్టం, బుల్లెట్ మొదటి ఇంచు లోపలికి నెట్టే స్టార్టర్, క్లీనింగ్ కోసం కాటన్ ప్యాచ్‌లు, వాటిని పట్టే జాగ్, బ్రీచ్ ప్లగ్ మరలకి రాసే గ్రీజు. ఒకటికి రెండు ప్రైమర్ డబ్బాలు. అంతే. షాపువాడు ఇంకో సంచీ నిండా ఇవ్వబోతే వద్దను. ఒహాయోలో జనవరి మొదట్లో నాలుగు రోజుల మజిల్‌లోడర్ సీజన్ ఉంటది, అది కాక గన్ వీక్‌లో, అంటే మామూలు తుపాకీల సీజన్లో కూడా ఇదే వాడుకోవచ్చు, .38 క్యాలిబర్ దాటితే చాలు, నీ .50కి ఇబ్బందే లేదు.

ప్రశ్న (షార్లెట్, నార్త్ కరోలినా): పెల్లెట్లా (బిళ్లలుగా చేసిన మందు), లూజ్ పౌడరా? డబ్బా మీద మూడు పెల్లెట్లు, అంటే 150 గ్రెయిన్స్ దాకా వేయొచ్చని ఉంది. ఎంత ఎక్కువ వేస్తే అంత దూరం కొట్టొచ్చు కదా?

జవాబు: కొట్టలేరు, ముందు ఈ 150 మోజు వదిలేయండి. మందు ఎక్కువైతే కొంత బ్యారెల్ దాటాక గాల్లోనే కాలిపోతుంది, స్పీడు పెరిగేది కొంచెం, భుజానికి తన్నేది చాలా, ఆ తన్నుకి భయపడి మీరు ట్రిగ్గర్ లాగేముందే కళ్లు మూసుకోవడం మొదలెడతారు. 100 గ్రెయిన్స్ ట్రిపుల్ సెవెన్ అనే పౌడర్, 250 గ్రెయిన్స్ బుల్లెట్ వేస్తే సెకనుకి 1800, 1900 అడుగుల స్పీడు వస్తుంది, తెల్ల తోక జింకకి అది చాలా ఎక్కువే. వంద గజాలకి సరిగ్గా సెట్ చేసుకుంటే నూట యాభైకి నాలుగైదు ఇంచులు కిందకి పడుతుంది, రెండొందలకి అడుగు దాటి పడుతుంది. అందుకే మొదటి సీజన్‌కి 120 గజాలు దాటి కొట్టొద్దు అని నా సలహా, అడవిలో దూరం కంటితో లెక్కేస్తే ఎప్పుడూ తప్పుతుంది, చవక రేంజ్‌ఫైండర్ ఒకటి జేబులో ఉంచుకోండి.

పెల్లెట్ ఒక్కోటి మామూలుగా 50 గ్రెయిన్స్, రెండు వేస్తే అయిపోయింది, చలిలో వేళ్లు కొంకర్లు పోయినప్పుడు సుఖం. పైరోడెక్స్ అనే బ్రాండ్ పెల్లెట్ అయితే ఒక చివర నల్లగా ఉంటుంది, ఆ నల్లటి వైపు ప్రైమర్ వైపుకి ఉండాలి, తిప్పేస్తే సరిగ్గా అంటుకోదు. లూజ్ పౌడర్‌తో లాభం ఏంటంటే 80తో మొదలెట్టి 85, 90 అలా ఐదైదు పెంచుకుంటూ మీ తుపాకీకి ఏది నచ్చిందో కాగితం మీద చూసుకోవచ్చు. ఒక్కో తుపాకీకి ఒక్కో రుచి ఉంటుంది, అది నిజం. బుల్లెట్లు అన్నీ దగ్గరదగ్గరగా పడ్డ లోడ్ దొరికాక ఇక దాన్ని మార్చొద్దు, బుల్లెట్, పౌడర్, ప్రైమర్ మూడూ అవే, ఇంకెవడో ఇంకేదో బాగుంది అన్నా సరే.

ఇక్కడ ప్రాణాల మీదికి వచ్చే విషయం ఒకటి ఉంది, ఇది రెండుసార్లు చదవండి. మజిల్‌లోడర్ లోకంలో పౌడర్‌కి గ్రెయిన్స్ అంటే కొలత గొట్టంతో కొలిచే పరిమాణం, త్రాసు మీద బరువు కాదు (బుల్లెట్‌కి చెప్పే గ్రెయిన్స్ మాత్రం బరువే). బ్లాక్‌హార్న్ 209 అనే పౌడర్ తేలిక, గొట్టంలో 100 గీత దాకా పోస్తే త్రాసు మీద దాదాపు 70 తూగుతుంది. ఎవరైనా త్రాసు పెట్టి 100 తూచి పోస్తే అది గొట్టం లెక్కన 140 దాటుతుంది, ఆ కంపెనీ గరిష్ఠంగా చెప్పింది 120. అలాగే స్మోక్‌లెస్ పౌడర్, అంటే మామూలు తూటాల్లో వాడేది, ఒక్క చిటికెడు కూడా ఇందులో పోయొద్దు, దానికోసమే ప్రత్యేకంగా చేసిన తుపాకీలు తప్ప మిగతావి చేతిలోనే పేలిపోతాయి. పెద్ద డబ్బాలోంచి నేరుగా బ్యారెల్‌లోకి కూడా పోయొద్దు, లోపల ఎక్కడో నిప్పురవ్వ మిగిలుంటే మంట ఎగబాకి మొత్తం డబ్బా అంటుకుంటుంది, ఎప్పుడూ ముందు గొట్టంలోకి, గొట్టంలోంచి బ్యారెల్‌లోకి.

ప్రశ్న (ఆల్ఫారెట్టా, జార్జియా): మా నాన్నగారు నంద్యాల దగ్గర్నుంచి వచ్చారు, ఆర్నెల్లు ఉంటారు. నా మజిల్‌లోడర్ చూసి, ఒరేయ్ ఇది మన నల్లమల నాటు తుపాకీనే కదరా, దీనికి మూడొందల డాలర్లు పోశావా అని ఒకటే నవ్వు. ఆయన్ని వేటకి తీసుకెళ్లొచ్చా? తర్వాత తుపాకీ ఇండియాకి పంపే వీలుందా?

జవాబు: పెద్దాయన కరెక్టే, వంశం అదే. మూతిలోంచి మందు కూరడం, కడ్డీతో దట్టించడం, గుండు దించడం, అన్నీ ఆ నాటు తుపాకీ పద్ధతులే. కాకపోతే అక్కడ నీళ్ల పైపుతోనో దేనితోనో చేసిన గొట్టం, లోపల మెలిక ఉండదు, మందు ఎంత కూరారో కూరినవాడికే తెలీదు, గొట్టం చీలి వేళ్లు పోగొట్టుకున్నవాళ్ల కథలు ఏజెన్సీ ఊళ్లల్లో చాలా వింటాం. మీ దగ్గరున్నది ప్రూఫ్ టెస్ట్ చేసిన ఉక్కు.

తీసుకెళ్లడం అంటే, ఆయన విజిటర్ వీసా మీద వచ్చారు కాబట్టి అదీ నాన్ ఇమిగ్రెంటే, లైసెన్స్ లేకుండా తుపాకీ ముట్టుకోవద్దు, ఆరెంజ్ వెస్ట్ వేసుకుని మీ పక్కన కూర్చుని చూడొచ్చు. గ్రౌండ్ బ్లైండ్‌లో (నేల మీద దాక్కునే గుడారం) కుర్చీ వేయండి, ట్రీస్టాండ్ (చెట్టుకి కట్టే మంచె) ఎక్కించకండి. ఇండియాకి పంపే ఆలోచన మాత్రం ఈ క్షణమే మానేయండి. అక్కడ 1959 ఆయుధాల చట్టం ప్రకారం మజిల్‌లోడర్‌కి కూడా లైసెన్స్ కావాలి, అది ఉన్నా కొట్టడానికి జింక ఉండదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక దుప్పి అయినా కణితి అయినా కృష్ణజింక అయినా ముట్టుకుంటే జైలే. అమెరికాలో లైసెన్స్ కట్టి కొట్టేది, అక్కడ నేరం అయ్యేది రెండూ జింకలే కదా అని వాదించేవాళ్లు ఉంటారు, ఇక్కడ తెల్ల తోక జింకల మంద లెక్క చూసుకుని ఏ యూనిట్‌లో ఎన్ని కొట్టాలో ప్రభుత్వమే ట్యాగులు (జింకకి ఒకటి చొప్పున అనుమతి చీటీలు) అమ్ముతుంది, అక్కడ ఆ పరిస్థితి లేదు, పోలికే లేదు.

ప్రశ్న (నోవై, మిషిగన్): రేంజ్‌లో మొదటి షాట్‌కి బుల్లెట్ హాయిగా దిగింది, రెండోది కష్టం మీద, మూడోది సగంలో ఇరుక్కుపోయింది. కడ్డీ మీద బరువంతా వేసినా కదల్లేదు. పక్కాయన పేల్చేయ్ అదే పోతుంది అన్నాడు, నేను భయపడి పేల్చలేదు. నాది ట్రిపుల్ సెవెన్.

జవాబు: భయపడి మంచి పని చేశారు. మందుకీ బుల్లెట్‌కీ మధ్య ఖాళీ ఉండగా పేలిస్తే బ్యారెల్ అక్కడ ఉబ్బిపోవచ్చు, పగిలిపోనూవచ్చు. ఆ సలహా ఇచ్చినాయన పక్కన ఇంకోసారి నిలబడకండి.

మీకు జరిగింది ఏంటంటే, ట్రిపుల్ సెవెన్ పేలాక మందు ఉండే చోటికి కాస్త పైన గట్టి మసి ఉంగరంలా పేరుకుంటుంది, బుల్లెట్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ సాబో దాన్ని దాటలేదు. సాబో అంటే తెలియనివాళ్లకి, .50 బ్యారెల్‌లో .45 బుల్లెట్‌ని పట్టుకుని ఉండే ప్లాస్టిక్ గిన్నె, బయటికి వచ్చాక రేకుల్లా విచ్చుకుని ఊడిపోతుంది. ప్రతి షాట్ తర్వాత ఇలా చేయండి: ప్యాచ్‌ని ఉమ్మితోనో నీళ్లతోనో తడపండి, చెమ్మగా ఉండాలి గానీ నీళ్లు కారకూడదు, జాగ్‌కి పెట్టి నెమ్మదిగా కిందదాకా, ఆ ఉంగరం దగ్గర గరుకుగా తగులుతుంది చేతికి, అక్కడ రెండు మూడు సార్లు పైకీ కిందకీ ఆడించి తీయండి, ప్యాచ్ తిరగేసి ఇంకోసారి, తర్వాత పొడి ప్యాచ్ ఒకటి. చెమ్మ ఎక్కువైతే నీళ్లు బ్రీచ్ ప్లగ్ చిల్లులోకి పోయి తర్వాతి షాట్ తుస్సుమంటుంది, అందుకే ప్యాచ్‌ని గట్టిగా పిండి పెట్టమంటున్నా. అప్పటికీ బిగుతుగా ఉంటే సాబో మార్చి చూడండి, గీతలు గీతలుగా ఉండే క్రష్ రిబ్ రకం తేలిగ్గా దిగుతుంది.

ఇరుక్కున్న దాన్ని తీయాలంటే ముందు ప్రైమర్ తీసేయండి, తర్వాత బ్రీచ్ ప్లగ్ ఊడదీసి మందు వెనక నుంచి ఒంపేయండి, ఇక అక్కడ పేలేది ఏమీ లేదు, అప్పుడు బుల్లెట్‌ని మూతి వైపు నుంచి కడ్డీతో వెనక్కి నెట్టేయండి. ఇంకో అలవాటు చేసుకోండి. తుపాకీ పూర్తి ఖాళీగా ఉన్నప్పుడు కడ్డీ లోపలికి దించి మూతి అంచు దగ్గర మార్కర్‌తో ఒక గీత గీయండి, మీ లోడ్ సరిగ్గా కూర్చున్నాక ఇంకో గీత. కడ్డీ తీసి చూస్తే చాలు, లోపల ఏమీ లేదా, లోడ్ ఉందా, సగంలో ఆగిందా అన్నది గీతే చెప్తుంది. బుల్లెట్ దిగాక కడ్డీతో దబదబా కుమ్మొద్దు, ప్రతిసారీ ఒకే బరువుతో ఒత్తితే చాలు. ప్రైమర్ అన్నిటికన్నా చివర.

ప్రశ్న (ఇండియానాపోలిస్): ట్రిగ్గర్ లాగితే క్లిక్ అని మాత్రమే వచ్చింది. ఏం చేయాలి?

జవాబు: తుపాకీ మూతి గురిపెట్టిన వైపే ఉంచి ఒక నిమిషం ఊరికే ఉండండి, కొన్నిసార్లు ఆలస్యంగా పేలుతుంది. తర్వాత ప్రైమర్ మార్చి మళ్లీ చూడండి. అప్పటికీ కాకపోతే పైన చెప్పినట్టే వెనక నుంచి ఖాళీ చేయండి. చాలాసార్లు కారణం బ్యారెల్‌లో మిగిలిన నూనె. సీజన్ మొదటిరోజు లోడ్ చేసేముందు పొడి ప్యాచ్ దింపి, ఉత్త ప్రైమర్లు ఒకటి రెండు పేల్చి ఆ నూనె ఎండగొట్టండి. రెండో కారణం చెమ్మ, బయట మైనస్‌లో తిరిగి తుపాకీని వెచ్చటి హాల్లోకి తెస్తే లోపలా బయటా నీటి బొట్లు పడతాయి, ప్రైమర్ తీసేసి చల్లటి గరాజ్‌లోనే తాళం వేసి పెట్టండి. వానలో మూతికి ఎలక్ట్రికల్ టేప్ ఒక ముక్క అంటించండి, దాని మీదుగానే పేల్చొచ్చు, గురి మారదు.

ప్రశ్న (రిచ్‌మండ్, వర్జీనియా): జింక డెబ్బై గజాల్లో నిలబడింది, పేల్చాను, తర్వాత అంతా పొగ. పొగ పోయాక జింక లేదు. దిగి వెతికితే ఏం కనపడలేదు, తగల్లేదనుకుని ఇంటికి వచ్చేశాను. తప్పు చేశానా?

జవాబు: త్వరపడ్డారు. గాలి ఆడని తడి పొద్దుట పొగ ముందే గోడలా నిలబడిపోతుంది, నేల మీద కూర్చున్నవాళ్లయితే వెంటనే వంగి పొగ కిందనుంచి చూడాలి, చెవులు రిక్కించాలి, ఆకుల మీద పరిగెత్తే చప్పుడు ఎటు పోయిందీ, ఎక్కడ ఆగిందీ అన్నది కంటికన్నా చెవికే బాగా తెలుస్తుంది. పేల్చేముందే జింక నిలబడ్డ చోట ఒక చెట్టునో మోడునో గుర్తు పెట్టుకోవాలి, డెబ్బై గజాల అవతలికి నడిచి వెళ్లాక అడవి అంతా ఒకేలా ఉంటుంది. కదిలేముందు మళ్లీ లోడ్ చేసుకోండి. అరగంట ఆగండి.

తర్వాత ఆ గుర్తు దగ్గరికి పోయి మోకాళ్ల మీద కూర్చుని చూడండి. ముందు కనపడేది రక్తం కాదు, వెంట్రుకలు. రక్తం లేత గులాబీ రంగులో నురగగా ఉంటే ఊపిరితిత్తులకి తగిలింది, దగ్గర్లోనే పడి ఉంటుంది. ముదురు ఎరుపైతే లివర్ కావొచ్చు, మూడు నాలుగు గంటలు ఆగాలి. పచ్చగా, పేగు వాసన వస్తుంటే వెనక్కి తిరిగి వచ్చేయండి, ఎనిమిది గంటలకన్నా ముందు వెంటపడితే అది లేచి మైళ్ల దూరం పోతుంది. ఒక్కో చుక్క దగ్గర టిష్యూ కాగితం ముక్క తగిలిస్తూ పోతే వెనక్కి చూసినప్పుడు దారి గీత కనపడుతుంది, తిరిగొచ్చేటప్పుడు అవన్నీ ఏరుకురండి. అసలు చుక్క రక్తం లేకపోయినా తగల్లేదని తేల్చేయొద్దు, ట్రీస్టాండ్ మీంచి పై నుంచి కొట్టినప్పుడు బుల్లెట్ అవతలికి దిగకపోతే రక్తం లోపలే నిండుతుంది, వంద గజాల దాకా నేల మీద ఏమీ పడకపోవచ్చు. పారిపోయిన దిక్కున రెండొందల గజాలు వలలా అటూ ఇటూ నడిచి చూడాల్సింది. వర్జీనియాలో తాడు కట్టిన కుక్కతో వెతికే వాలంటీర్లు కూడా ఉంటారు, సీజన్‌కి ముందే ఒకరి నంబర్ దగ్గర పెట్టుకోండి.

ప్రశ్న (నాపర్‌విల్, ఇల్లినాయ్): పోయినేడాది సీజన్ అయ్యాక ఒక గుడ్డతో తుడిచి మూల పెట్టాను. ఇప్పుడు బ్రీచ్ ప్లగ్ కదలట్లేదు, బ్యారెల్ లోపల ఎర్రగా ఉంది.

జవాబు: తుప్పు పట్టేసింది. బ్లాక్ పౌడర్ మసీ, పైరోడెక్స్ మసీ గాల్లో చెమ్మని పీల్చుకుంటాయి, అందులో ఉప్పు లాంటి పదార్థాలు ఉంటాయి, ఒక రాత్రి వదిలేసినా మొదలైపోతుంది. ప్లగ్ చుట్టూ తుప్పు వదిలించే నూనె పోసి రెండ్రోజులు నానబెట్టి సరైన రెంచ్‌తో ప్రయత్నించండి, తల అరిగిపోయేలా పట్టకారుతో తిప్పొద్దు, రాకపోతే గన్‌స్మిత్ దగ్గరికి పోండి. ప్లగ్ వచ్చాక లోపల చూస్తే గుంటలు పడి ఉంటే ఆ బ్యారెల్‌కి ఇక గురి కష్టం.

ఇకనుంచి పేల్చిన రోజే కడగండి. ప్లగ్ ఊడదీసి, బ్యారెల్ కిందభాగం బకెట్‌లో పెట్టి, వేడినీళ్లు, రెండు చుక్కల డిష్ సోప్, కడ్డీకి ప్యాచ్ పెట్టి పంపులా లాగితే నల్లటి నీళ్లు వస్తాయి, తెల్లగా వచ్చేదాకా చేయండి. తర్వాత పొడి ప్యాచ్‌లు, పల్చగా నూనె. ప్లగ్ చిల్లుని సన్నటి డ్రిల్ బిట్‌ని చేత్తో తిప్పి శుభ్రం చేసి, మరలకి గ్రీజు పట్టించి చేతి బిగువుతో పెట్టండి. బ్లాక్‌హార్న్‌కి మాత్రం నీళ్లు పనిచేయవు, మామూలు గన్ సాల్వెంట్ వాడాలి. కిచెన్ సింక్‌లో చేస్తే ఇంట్లో ఏం జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు.

ప్రశ్న (పిట్స్‌బర్గ్, పెన్సిల్వేనియా): మా వారు జింక కొట్టుకొస్తానంటున్నారు. ఆ మాంసం పిల్లలకి పెట్టొచ్చా? రోగం ఏదో ఉందంటున్నారు. మటన్‌లా వండొచ్చా?

జవాబు: రోగం సీడబ్ల్యూడీ అండీ, క్రానిక్ వేస్టింగ్ డిసీజ్. జింక మెదడు, నరాలు పాడైపోయే జబ్బు, మీ రాష్ట్రంలో మొదట 2012లో బయటపడింది. ఇప్పటిదాకా మనిషికి వచ్చినట్టు తేలలేదు గానీ, ఆ ప్రాంతాల్లో కొట్టిన జింకకి టెస్ట్ చేయించి, పాజిటివ్ వస్తే తినొద్దని సీడీసీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) చెప్తోంది. గేమ్ కమిషన్ (రాష్ట్ర వేట శాఖ) వాళ్లు ఆ ఏరియాల్లో తలలు వేసే డబ్బాలు పెడతారు, టెస్ట్ ఉచితం, రిజల్ట్ వచ్చేదాకా ఫ్రీజర్‌లో ఉంచండి. మెదడు, వెన్నుపాము జోలికి పోవద్దు, కాబట్టి మన తలకాయ కూర మాత్రం మర్చిపోవాలి. పిల్లలు తింటారు కాబట్టి ఇంకో మాట, సీసం బుల్లెట్ తగిలిన చోట కంటికి కనపడని ముక్కలు చాలా దూరం చిమ్ముతాయి, 2008లో నార్త్ డకోటాలో పేదలకి దానమిచ్చిన జింక మాంసాన్ని ఈ కారణంతోనే వెనక్కి తీసుకున్నారు. మీ వారిని మొత్తం రాగితో చేసిన బుల్లెట్ వాడమనండి, నాలుగు డాలర్లు ఎక్కువ, అంతే.

వంట సంగతి. జింక కొవ్వు, పైన ఉండే తెల్లటి పొర మొత్తం తీసిపారేయండి, నీచు అంతా అందులోనే ఉంటుంది, ఆ కొవ్వు చల్లారగానే నోట్లో మైనంలా అంటుకుంటుంది. భుజం, మెడ ముక్కలకి పెరుగు, అల్లం వెల్లుల్లి, పసుపు పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు కుక్కర్‌లో మటన్‌కన్నా రెండు మూడు విజిల్స్ ఎక్కువ రానివ్వండి, నూనె కూడా కాస్త ఎక్కువే పడుతుంది, ఒంట్లో కొవ్వు లేని మాంసం కదా. మెడ ముక్కల్లో గోంగూర వేసి చూడండి. వెన్ను పక్కన పొడుగ్గా వచ్చే కండని మాత్రం దయచేసి కూర చేయకండి, సన్నగా కోసి మిరియాలు, కరివేపాకుతో పెద్ద మంట మీద నిమిషాల్లో దింపేయాలి. మిగిలింది అమ్మకూడదు, అది చట్టవిరుద్ధం. ఇవ్వాలనుకుంటే మీ రాష్ట్రంలో హంటర్స్ షేరింగ్ ద హార్వెస్ట్ అని 1991 నుంచీ ఉంది, వాళ్ల జాబితాలో ఉన్న కసాయి దగ్గర ఇస్తే ఫుడ్ బ్యాంకులకి పోతుంది.

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సాస్): వచ్చే సెప్టెంబర్‌లో కొలరాడో మజిల్‌లోడర్ సీజన్‌కి ట్యాగ్ వచ్చింది. ఫ్లైట్‌లో తీసుకెళ్తా. నాది స్కోప్ ఉన్న ఇన్‌లైన్, పెల్లెట్లు, సాబో బుల్లెట్లు. ఓకేనా?

జవాబు: తుపాకీ ఒక్కటే ఓకే, మిగతావేవీ కాదు. కొలరాడో మజిల్‌లోడర్ సీజన్లో స్కోప్ కుదరదు, పెల్లెట్లు కుదరవు, సాబో కుదరదు. ఓపెన్ సైట్స్ (అద్దాలు లేని మామూలు గురి గుర్తులు) పెట్టించుకోవాలి, లూజ్ పౌడర్, బ్యారెల్ సైజుకి సరిపోయే కోనికల్ (మొన తేలిన) బుల్లెట్ వాడాలి. అంటే మీ లోడ్ మొత్తం మారిపోతుంది, గురి మళ్లీ మొదట్నుంచి సెట్ చేసుకోవాలి, ఆగస్టులో కాదు ఇప్పుడే మొదలెట్టండి, ఓపెన్ సైట్స్‌తో ఎనభై గజాలు మీ హద్దు అనుకోండి. ఐడహో అయితే ఇంకా కఠినం, మజిల్‌లోడర్ ఓన్లీ సీజన్లో 209 ప్రైమరే పనికిరాదు, ఇన్‌లైన్ చాలావరకు ఇంట్లో వదిలేయాల్సిందే.

ఫ్లైట్‌లో తుపాకీ గట్టి పెట్టెలో, తాళం వేసి, కౌంటర్ దగ్గర చెప్పి చెక్ఇన్ చేయాలి, బ్రీచ్ ప్లగ్ ఊడదీసి పక్కన పెడితే ఖాళీగా ఉందని చూపించడం తేలిక. పౌడర్, ప్రైమర్లు మాత్రం చేతి సంచీలో గానీ చెక్ఇన్ బ్యాగులో గానీ ఎందులోనూ పెట్టకూడదు, చిన్న డబ్బా కదా అని బట్టల మధ్య దూర్చొద్దు. పోస్టులో కూడా పంపొద్దు. డెన్వర్‌లో దిగాక కొనుక్కోండి, కానీ సెప్టెంబర్ మొదటి వారంలో అక్కడి షాపుల్లో మీరు వాడే బ్రాండే ఉంటుందన్న గ్యారంటీ లేదు, నెల ముందే ఫోన్ చేసి ఒక డబ్బా మీ పేరు మీద పక్కన పెట్టించండి.